బొద్దమ్మకు నల్లా నీళ్లు

శుక్రవారం పొద్దున తొట్టి కడుగుదామని వచ్చేసరికి బొద్దమ్మ ఒక పక్కకు ఒరిగిపోయి ఉంది. నీళ్ల పైకి తేలి, నోరు తెరుస్తూ మూస్తూ గాలి కోసం కొట్టుకుంటోంది. తార్నాకలోని ఆ అద్దె గదిలో, కిటికీ పక్క గాజు తొట్టి ముందు సుష్మ దాన్నే చూస్తూ నిలబడింది.

బొద్దమ్మ మామూలు చేపా మరి? నారింజ రంగు ఒళ్లు, నెత్తిన ఎర్రటి కండ టోపీ, గుండ్రటి పొట్ట, వెనకాల పరికిణీ కుచ్చిళ్లలాంటి తోక. హబ్సిగూడ దుకాణంలో అలాంటివి రెండు కనబడేసరికి మనసు పారేసుకుంది పిచ్చిది. "రోజూ చిటికెడు మేత వేస్తే సాలు మేడమ్" అన్నాడు అమ్మినవాడు. ఎంత చల్లని మాట! ఆ తర్వాత గాలి మోటరన్నారు, ఫిల్టరన్నారు, మందన్నారు. పరిశోధనకు వచ్చే ఫెలోషిప్ కాస్తా నీళ్లలో పోసినట్టయింది. అయినా పోయిన శుక్రవారం రెండో చేప చచ్చిపోయింది. సుష్మ వెక్కి వెక్కి ఏడ్చి, తొట్టిని ఇంకా గట్టిగా తోమింది.

తోమడం ఆమెకు తల్లి పెట్టిన అలవాటు. అనంతపురంలో సరోజమ్మ శుక్రవారం వచ్చిందంటే గడప నుంచి దేవుడి గూడు దాకా కడిగి తీరాల్సిందే. కూతురూ అంతే. శుక్రవారం శుక్రవారం తొట్టి మొత్తం ఒంపేసి, గులకరాళ్లనూ ఫిల్టర్లోని స్పాంజినీ పీచు పెట్టి రుద్ది, అప్పుడే పట్టిన నల్లా నీళ్లు నింపేది. బోరు నీళ్లు కావు, తను తాగే నీళ్లే. నీళ్ల విలువ తెలిసిన ఊరి పిల్ల, చేపలకు అంతకన్నా మర్యాద ఏం చేస్తుంది?

"ఏందే, గట్లనే చూస్కుంట నిలబడ్డవ్?" గదిలో తోడుండే జ్యోతిర్మయి కసిరింది. "మీ యూనివర్సిటీల నరేందరన్న చేపల మీదనే రీసెర్చ్ చేస్తడు గదా! తీస్కపో జల్ది!"

"దారిలోనే పోతాదేమోనే!"

"ఈడుంటె బతుకుతదా మరి?"

సుష్మ తొట్టి నీళ్లతోనే బొద్దమ్మను బకెట్లోకి దించి, ఒళ్లో పెట్టుకుని ఆటో ఎక్కింది. గతుకు వచ్చినప్పుడల్లా "అన్నా, మెల్లగా పోనీ, నీకు దండం పెడతా" అని బతిమాలింది. నీళ్లు చిందినచోటల్లా చున్నీ తడిసింది.

జువాలజీ ల్యాబులో నరేందర్ బకెట్లోని నీళ్లు గాజు గొట్టంలోకి తీసుకుని మందు చుక్కలు వేశాడు. నీళ్లు ముదురు ఆకుపచ్చకు తిరిగాయి. సుష్మ చదివేది కెమిస్ట్రీయే, ఇంక ఎవరూ చెప్పక్కర్లేదు.

"అమ్మోనియా" అంది నీరసంగా. చేపల మురికిలోంచి పుట్టే ఈ విషాన్ని అరిగించే క్రిములు పెరిగేది స్పాంజిలోనే. వాటిని వారం వారం తానే కడిగి పారబోసింది. మిగిలినవేమైనా ఉంటే తాజా నల్లా నీళ్లలోని క్లోరిన్ చంపేసింది. "ఆ చేపను నేనే చంపినానన్నా. దీన్నీ చంపుతా ఉన్నా."

నరేందర్ బొద్దమ్మను గోడ పొడుగునా ఉన్న తొట్టిలోకి మెల్లగా వదిలాడు. సుష్మ ఆ రోజు తన ల్యాబుకు పోలేదు, అన్నం ముట్టలేదు, ఆ తొట్టి ముందే నేల మీద కూర్చుంది. పొద్దు వాలేవేళకు బొద్దమ్మ తిన్నగా లేచి, తోక ఊపి, మేత గింజ ఒకటి నోట కరుచుకుంది. అప్పుడు బావురుమంది సుష్మ.

"సోమవారం తీసుకపోతా అన్నా. ఇంక కడగను, ఒట్టు."

"కడగకపోవుడు ఒక్కటే కాదు సుష్మా. గింత పెద్ద తొట్టి గావాలె, మోటరు బంద్ గావొద్దు. మంచిగ చూస్కుంటె పదేండ్లు బతుకుతది. పదేండ్లు నువ్వు యాడుంటవ్?"

సుష్మ తొట్టి కొనాలంటే టిఫిన్లు మానేస్తుంది. మోటరు ఆపొద్దని ఇంటి ఓనరమ్మ కాళ్లావేళ్లా పడుతుంది. కానీ ఈ ఏడు ఫెలోషిప్ అయిపోతే ఏ ఊళ్లో ఏ గదిలో ఉంటుందో తనకే తెలియదు, పదేళ్లు ఎక్కణ్నుంచి తెస్తుంది?

"నీ కాడనే పెట్టుకోన్నా" అంది చివరికి.

"ఎప్పుడన్న వచ్చి చూసి పోతుండు."

"రాను. చూస్తే ఎత్తుకోని పోతా."

బకెట్ అక్కడే వదిలేసి, వెనక్కి తిరిగి చూడకుండా మెట్లు దిగిపోయింది.