ఖాళీ గొట్టం

చొక్కాలు నానబెట్టిన నీళ్లు ముందు బూడిద రంగుకి తిరుగుతాయి, తర్వాత అడుగున నల్లటి మడ్డి దిగుతుంది. మిషన్‌లో వేస్తే మిగతా బట్టలు పాడవుతాయని అత్తయ్య వాటిని చేత్తోనే ఉతకమంటుంది. ఇంటి వెనక షెడ్డులో పాత బ్యాటరీలు విప్పి, సీసం పలకలు మార్చి బాగుచేస్తాడు మా ఆయన. షెడ్డు మామయ్య నాటిది. నేను రాకముందు ఈ బకెట్ అత్తయ్యది.

పోయినేడు అయిదో నెల కడుపుతో ఉండగా నా బిడ్డ పోయింది. "ఆ ల్యాబ్‌లో యాసిడ్ల మధ్య పొద్దస్తమానం నిలబడితే కడుపేం నిలుస్తుందమ్మా" అంది అత్తయ్య, ఆస్పత్రి మంచం పక్కన కూర్చుని నాకు నీళ్లు పట్టిస్తూ. ప్రేమగానే అంది. "నాకూ ఇద్దరు పోయారు. నేనేమైనా యాగీ చేశానా?" అని కూడా అంది. ఇప్పుడు మళ్లీ నెల తప్పింది. ఈసారి మా ఆయన గట్టిగానే చెప్పాడు. "ల్యాబ్ మానేయ్. బిడ్డ కావాలో, ఉద్యోగం కావాలో తేల్చుకో."

నా ఉద్యోగం మనిషి ఒంట్లోంచి తీసిన గింజంత ముక్కల్లో ఇనుమెంత, జింకెంత, సీసమెంత అని కొలవడం. పక్కన ఎవరైనా తుమ్మినా లెక్క తప్పుతుంది. అందుకే ఉంగరం తీసేసి, వడకట్టిన గాలి వచ్చే గదిలో, ప్లాస్టిక్ పట్టకారుతో పని చేస్తాం. ముక్కల పక్కన ప్రతిసారీ ఒక ఖాళీ గొట్టం కూడా పెడతాం. అదే యాసిడ్, అదే వేడి, అవే చేతులు, ముక్క మాత్రం ఉండదు. అందులో ఏదైనా కనబడిందా, అది మేం తెచ్చిన మురికి.

బిడ్డ పోయిన రోజు, బిడ్డతో పాటు పడిన మాయలోంచి డాక్టరమ్మని అడిగి తెచ్చుకున్న ముక్క ఇన్నాళ్లూ ల్యాబ్ ఫ్రీజర్‌లోనే ఉంది. తీయడానికి ధైర్యం చాల్లేదు. తప్పు నిజంగా నా పనిదే అయితే? ఈ వారం తీశాను. ఎవరిదో కరిగించినట్టే నా బిడ్డ మాయని కరిగించాను. అంత పెద్ద సీసం అంకె చూసి మా పెద్దసారు నవ్వాడు. "చేతులకేం రాసుకొచ్చావు? మీ ఆడవాళ్ల క్రీములతో నా మిషన్ పాడవుతోంది." నేను ఖాళీ గొట్టం అంకె చూపించాను. అందులో ఏమీ లేదు. మర్నాడు బకెట్లో నీళ్లు చిన్న సీసాలో పట్టుకెళ్లాను. నీళ్లు కలిపి ఎంత పలచన చేసినా సీసం కొలతకి అందక మిషన్ చేతులెత్తేసింది.

సీసం వల్లే బిడ్డ పోయిందని ఆ అంకె చెప్పదు. అది నాలోకి ల్యాబ్ నుంచి రాలేదని మాత్రం చెబుతుంది. నా బతుకులో అన్నిటికన్నా శుభ్రమైన చోటుని వదిలేసి, ఈ బకెట్ దగ్గరికి వచ్చి కూర్చోమంటున్నారు వీళ్లు.

సాయంత్రం మా ఆయనకి అంతా చెప్పాను.

"అంటే నా బిడ్డని నేనే చంపుకున్నానంటావా?"

"మీరు చంపారనట్లేదు. ఉతికింది నేనే."

"మా నాన్న ఈ పని చేసే నన్ను పెంచాడు. నాకేమైంది?"

"షెడ్డు ఇక్కణ్ణుంచి తీసేయండి. అప్పటిదాకా అక్క దగ్గరుంటాను. ఉద్యోగం మానను."

సంచి భుజానికి తగిలించుకుని వెనకవైపు వెళ్లాను, చెప్పి వెళ్దామని. అత్తయ్య అప్పటికే బకెట్ ముందు పీట వేసుకుని కూర్చుంది. మా మాటలన్నీ వినే ఉంటుంది.

"పోతే పో. ఇవి నానిపోతున్నాయి, ఎవరో ఒకరు ఉతకాలిగా" అంది తలెత్తకుండా.

"అత్తయ్యా, మీకు ఇద్దరు పోయినప్పుడు మామయ్య చొక్కాలు ఎవరు ఉతికారు?"

ఆవిడ మెల్లగా నీళ్లలోంచి చెయ్యి పైకి తీసింది. ఎక్కడ తుడుచుకోవాలో తెలియక, దాన్ని ఒంటికి దూరంగా పట్టుకుని అలాగే కూర్చుంది.