శుభ్రమైన మూడు నెలలు

రోపతి గృహరుణాలు ఇప్పించే బ్రోకరు. బ్యాంకుకూ కొనేవాళ్లకూ మధ్య నిలబడి ఇద్దరి చేతా తిట్లు తినడం అతని వృత్తి. ఒక సాయంత్రం మాంగెరె పేటలో లోసా వాళ్ల అద్దె ఇంటికి వచ్చి, ఆమె పెట్టిన కొబ్బరిపాల బన్నులు రెండు తిని, మూడోది చేత్తో పట్టుకుని అసలు విషయం ఎత్తాడు.

"ఇంటి ధరలో ఇరవై శాతం చేతిలో ఉంటే బ్యాంకు కుర్చీ వేసి కూర్చోబెడుతుందక్కా. మీకు లేదు. అది కూడబెట్టేలోగా ఇళ్ల ధరలు ఎక్కడుంటాయో దేవుడికెరుక. పది శాతమైతే వడ్డీ కాస్త ఎక్కువ వేస్తారు. ఐదు శాతానికి సర్కారు పూచీ మీద ఇచ్చేదొకటుంది, దానికి బీమా రుసుం వేరే. మీ ఇద్దరి పదవీ విరమణ పొదుపూ బయటికి తీసి వాడితే ఐదు దాటుతుంది, పదికి అందదు."

"అయితే ఐదే," అన్నాడు లోసా మొగుడు సెఫా. అతను శీతల గిడ్డంగిలో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడు. దేన్నైనా ఎత్తి పక్కన పెట్టేస్తే పనైపోయినట్టే అతనికి.

"ఆగు బావా, దాంతో అయిపోదు. లాయరుకివ్వాలి. కౌన్సిల్ నుంచి ఇంటి కాగితాలు తెప్పించాలి. ఇంటి బీమా కట్టాలి. ఇల్లు పరీక్ష చేసేవాడికివ్వాలి. ఇవన్నీ ముందే, మీ జేబులోంచే."

"పరీక్ష చెయ్యడానికి వాడెందుకు, నాకు కళ్లు లేవా?"

"ఉన్నాయి. ఆ కళ్లతోనే కారు కొన్నావు," అంది లోసా.

రోపతి నవ్వి, వెంటనే నవ్వాపేశాడు. "ఇంకో సంగతి. బ్యాంకువాళ్లు మూడు నెలల ఖాతా తిరగేస్తారు. ఈ మూడు నెలలూ ఫాలవెలవె ఒక్కటి కూడా కనపడకూడదు. నేనూ మీవాణ్ణే కాబట్టి మొహమాటం లేకుండా చెప్తున్నా."

ఫాలవెలవె అంటే పెళ్లో, చావో, చర్చి కప్పు మరమ్మతో, బంధువులంతా తలో చెయ్యి వెయ్యాల్సిన సందర్భం. వలస వచ్చిన సమోవా వాళ్ల జీతం సగం దానికే పోతుందని బయటివాళ్లు తెగ జాలిపడుతుంటారు. తాము పోతే శవపెట్టె మొయ్యడానికి ఎంతమంది వస్తారో మాత్రం లెక్క వేసుకోరు.

మొదటి రెండు నెలలూ ఎలాగో గడిచాయి. చర్చిలో కానుకల పళ్లెం వచ్చినప్పుడల్లా సెఫా పైకప్పును భక్తిగా చూసేవాడు. మనురేవాలో రెండు గదుల ఇల్లు ఒకటి కుదిరింది. అమ్మే ఆవిడ మూడో నెలాఖరు దాకా ఆగుతానంది.

మూడో నెల సగంలో లోసా పెదనాన్న పోయాడు. సమోవాలోని సవాయీ దీవి నుంచి విమానం టికెట్టు కొని లోసాను తెచ్చుకున్నది ఆయనే. తన కూతుళ్ల పక్కన మంచం వేసి, విమానాశ్రయం వంటశాలలో ఉద్యోగం దొరికేదాకా తిండి పెట్టినదీ ఆయనే.

"ఇంకో రెండు వారాలు ఆగి పోకూడదా ఈయన!" అన్నాడు సెఫా.

లోసాకు నవ్వొచ్చింది, ఆ నవ్వులోనే ఏడుపొచ్చింది. "నగదు తీసి ఇద్దామా?" అంది చివరికి.

"తీసినదీ కనపడుతుంది."

"ఎవరినైనా అడిగితే?"

"అది అప్పు. అప్పుంటే చెప్పాలి. చెప్తే మళ్లీ మొదటికొస్తాం, ఈలోగా ఆ ఇల్లు ఇంకెవరో ఎగరేసుకుపోతారు."

చందాలు పోగుచేసేది మేనత్త ఫువతీనో, పోయినాయన చెల్లెలు. లోసా తల దించుకుని ఆమె ముందు నిలబడింది. "అత్తా, ఈసారి మా చెయ్యి ఖాళీ."

"ఎంత ఖాళీ?"

"పూర్తిగా. ఇల్లు..."

"తెలుసులేవే. ఊరంతా తెలుసు. పోయి కప్పులు కడుగు. అది బ్యాంకుకి కనపడదుగా."

అంత్యక్రియల రోజున లోసా అన్నీ కడిగింది, కడిగినవి మళ్లీ కడిగింది. హాల్లో పెద్దమనిషి ఒకాయన ఎవరెవరు ఏం కానుక తెచ్చారో గొంతెత్తి చదువుతున్నాడు. రోపతి వెయ్యి డాలర్లిచ్చాడని వినపడింది. వాడికి ఇల్లుందిగా మరి, అని లోసా పళ్లు నూరుకుంది.

"లోసా, సెఫా దంపతులు. పెద్ద చాప ఒకటి!"

లోసా తడి చేతులతోనే గుమ్మంలోకి వచ్చింది. ఇద్దరు ఆడవాళ్లు చాప విప్పి పట్టుకుని నడుస్తుంటే హాలంతా మెచ్చుకోలుగా అరిచింది. సన్నగా చీల్చిన మొగలాకుతో పట్టులా అల్లిన చాప, అంచున ఎర్ర ఈకలు. సమోవా వాళ్లలో చావుకు ఇంతకంటే గొప్ప కానుక లేదు. అత్తను కన్న తల్లి అల్లింది. ఏటా ఎండలో వేసినప్పుడల్లా, తనను సాగనంపేటప్పుడు శవపెట్టె కింద దీన్నే పరవాలని అత్త ఇంటిల్లిపాదికీ చెప్పి ఉంచింది. అలాంటిది ఈ రోజుల్లో అల్లించాలంటే ఏడాది పడుతుంది, వేలకు వేలవుతుంది.

లోసా అత్తను వంటింట్లోకి లాక్కొచ్చింది. "అది నీ చాప కదా అత్తా!"

"అరవకు. మా అన్న కిందకే పోయింది, పరాయివాళ్ల కిందకి కాదుగా."

"మరి నీకు?"

"నాకు నువ్వు లేవా?" అంది అత్త, మరీ అమాయకంగా అడుగుతున్నావేమిటన్నట్టు. "అప్పటికి ఇల్లుంటుంది, జీతముంటుంది. చూసుకుంటావులే."

అత్త మీద ప్రేమా, తన మీద సిగ్గూ ఒక్కసారే ముంచుకొచ్చి, లోసా మళ్లీ కప్పుల దగ్గరికి పోయింది.

నెలాఖరుకు రోపతి అనుమతి తెచ్చాడు. "శుభ్రంగా ఉంది మీ ఖాతా, బ్యాంకువాళ్లు ముచ్చటపడ్డారు. వేరే బాకీలేమీ లేవుగా?"

"లేవు," అన్నాడు సెఫా. లోసా కళ్ల ముందు ఎర్ర ఈకల అంచు మెదిలింది.

"ఇక వడ్డీ ఒక్కటే. ఏడాదికి ఖాయం చేసుకుంటే తక్కువ పడుతుంది, ఆ తర్వాత పెరగొచ్చు, తగ్గొచ్చు. మూడేళ్లదైతే కాస్త ఎక్కువ, కానీ వాయిదా కదలదు. వడ్డీలు దిగుతాయంటున్నారు, నేనైతే ఏడాదే తీసుకుంటా."

"ఏడాదే," అన్నాడు సెఫా.

"మూడేళ్లు," అంది లోసా.

"ఊరికే ఎక్కువ కడతావక్కా."

"కట్టనీ. నెలనెలా ఎంత పోతుందో, ఎంత మిగులుతుందో నాకు కచ్చితంగా తెలియాలి. ఫువతీనో అత్తకి ఎనభై రెండు."

రోపతికి అర్థమైంది. కలం తీసి మూడేళ్ల గడి మీద పెట్టాడు.

సెఫా అతని చెయ్యి పట్టుకుని ఆపాడు.

"అత్త గట్టి మనిషి. ఐదేళ్లది లేదా?" అని అడిగాడు.