ఎస్‌యూ-100 పక్కన చెట్టు

శ్యామల అట్టపెట్టె తెచ్చి నా టేబుల్ మీద పెట్టింది. అందులో ఏముందో నాకు తెలుసు. ఎస్‌యూ-85, రెండో ప్రపంచ యుద్ధం నాటి సోవియట్ ఫిరంగి బండి. అసలు సైజులో ముప్పై అయిదో వంతు ప్లాస్టిక్ బొమ్మ. దాని తర్వాత వచ్చిన ఎస్‌యూ-100 కిట్ మాకు ఎక్కడా దొరకలేదు. దొరికిన 85నే కోసి, అతికించి, 100 చేద్దామని శ్యామల మొగుడు రాంబాబూ నేనూ ఏడాదిపాటు తంటాలు పడ్డాం. చిత్రమేమిటంటే, ఆ రెండింటికీ తేడా కనిపెట్టగలవాళ్లు జిల్లా మొత్తంలో మేమిద్దరమే.

భద్రాచలం హాస్టల్లో రాంబాబుదీ నాదీ ఒకే గది. వాడు కోయవాడు, నేను వైరా దగ్గర తండావాణ్ణి. అప్పట్లో అగ్గిపెట్టెలతో బండ్లు చేసేవాళ్లం. తర్వాత నేను కరెంటాఫీసులో పడ్డాను, వాడు అడవి అంచున ఉన్న తన ఊళ్లోనే వ్యవసాయం చేసుకుంటూ ఉండిపోయాడు. నెలన్నర కింద కాలిబాట దిగి అడవి లోపలికి నడిచాడు. ఎవరు పాతారో ఏమో, మందుపాతర పేలింది. వాడు అక్కడే పోయాడు.

"సీతయ్య మామ రాయి పాతనిస్తలేడన్నా," అంది శ్యామల. సీతయ్య వాళ్ల ఊరి పెద్ద. పోయిన మనిషి పేరున రాయి నిలబెట్టి ఊరికి అన్నం పెడితేగానీ ఆ మనిషి పెద్దల్లో కలవడని వాళ్ల నమ్మకం. "బాట ఇడిసి ఏ పని మీద పోయిండో తేలాల్నంట. అడవిల నక్సలైట్లకు, గా అన్నలకు, సద్ది మోస్తుండని పోలీసులంటున్నరు. అన్నలకేమో పోలీసుల మనిషని అనుమానమంట. ఆయన ఫోన్ల సూస్తే నిండా ఫిరంగుల ఫోటోలేనాయె. రెండు దిక్కులా దొంగే అయిండు."

తర్వాత కవర్లోంచి నారతో కట్టిన సన్నటి వేర్ల కట్ట తీసి నా చేతిలో పెట్టింది. "పేలినప్పుడు ఆయన అంగీ జేబుల ఉన్నయ్. ఏ రోగానికీ రావంట. ఊర్ల ఎవ్వరికీ తెల్వదు. ఉత్త వేర్ల కోసం ఎవడన్నా బాట దిగుతడా అంటుండు మామ."

ఆ వేర్లు ఎందుకో నా ఒక్కడికే తెలుసు. "బండి పక్కన చెట్టు పెడదాంరా. చెట్టులెక్క చీలిన సన్న వేరు చూసి తే. బాట పక్కనవి లావుంటయ్, జర లోపలికి పోయి చూడు," అని ఫోన్లో అన్నది నేనే.

అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు. "బండి పూర్తి చేసి తెస్త చెల్లే, రాయి దగ్గర పెడదాం," అన్నాను. ఫిరంగి ఫోటోలు పంపినవాడెవడని పోలీసులు నా మీదికి వస్తారని, ఉద్యోగం పోతుందని భయం. అంత పిరికి సన్నాసిని నేను.

వారం రోజులు ఆ బండితోనే ఉన్నాను. 85 ఫిరంగి గొట్టం కోసేసి, పాత రేడియో ఏరియల్‌ను ఆకురాయితో అరగదీసి పొడుగు గొట్టం చేశాను. కప్పు మీద గాలి కోసం ఉండే రెండు బుడిపెలను మాత్రల అట్టలోంచి కత్తిరించాను. ఇక మిగిలింది కుడిపక్క కమాండర్ నిలబడే ఉబ్బు. 85కి అది ఉండదు, 100కి అదే గుర్తు. రాంబాబు దాన్ని పుట్టీతో అప్పటికే చేసి ఉంచాడు. గరుకు కాగితంతో రుద్ది నున్నగా చేద్దామని దీపం కిందికి తెచ్చాను. పుట్టీ మీద వాడి బొటనవేలి ముద్ర ఉంది. గీతలన్నీ స్పష్టంగా ఉన్నాయి.

రుద్దలేకపోయాను. ముద్ర మీదే ఆకుపచ్చ రంగు వేసి, మర్నాడు పొద్దున్నే బస్సెక్కాను.

సీతయ్య వాకిట్లో ఊరంతా కూర్చుంది. నేను అట్టముక్క మీద బండిని పెట్టాను. కట్టలోంచి ఒక వేరు తీసి, తలకిందులు చేసి, బండి పక్కన అంటించిన మైనం ముద్దలో గుచ్చాను. ఎండిన చెట్టు నిలబడింది. కొమ్మలు, కొమ్మలకు రెమ్మలు, అన్నీ ఉన్నాయి. వెనక కూర్చున్నవాళ్లు లేచి చూశారు.

"దీనికోసమే లోపలికి పోయిండు. పొమ్మన్నది నేనే," అన్నాను.

సీతయ్య వంగి చూశాడు. "బొమ్మకా?" అన్నాడు. నేను తలూపాను. ఆయన ముఖం తిప్పుకుని, "రేపే రాయి పాతుదాం," అని లేచిపోయాడు.

శ్యామల కదల్లేదు. "ఆ దినం గీ వేర్లు నీ చేతిల్నే పెట్టిన గదన్నా. అప్పుడెందుకు చెప్పలే?"

"భయపడ్డ."

"నా మొగణ్ణి ఊరంత దొంగ అంటుంటే, నీకు భయమైందా?"

నేను ఏడ్చాను. ఆమె ఏడవలేదు.

మర్నాడు రాయి నిలబెట్టారు. దాని మొదట్లో బండిని పెట్టింది శ్యామలే. ఊళ్లోవాళ్లు ఒక్కొక్కరే వచ్చి తలా పిడికెడు మన్ను వేశారు. నా వంతు వచ్చింది. వంగి మన్ను తీసుకున్నాను. శ్యామల నా మణికట్టు పట్టుకుని, పిడికిలి విప్పి, మన్ను కింద రాల్చేసింది. ఖాళీ అయిన చేతిలో మిగిలిన వేర్ల కట్ట పెట్టింది.

"నీకోసమే తెచ్చిండు," అంది. "తీస్కపో అన్నా."