నీళ్లు పట్టని గోడ

“కొత్త గోడంటే పసిబిడ్డ మాదిరమ్మా. పొద్దున, మాపున నీళ్లు పట్టాల. కట్టేసేది మా పని, ఆనక సాకేది మీ పని” అని ఆదిమూలం మేస్త్రీ చెప్పినప్పుడు పెరట్లో ముగ్గురున్నారు. ధనంజయ తల ఊపాడు. పూతలపట్టు నుంచి పని చూడటానికి వచ్చిన అతని తల్లి అలివేలమ్మ తల ఊపింది. అతని భార్య పంకజాక్షీ ఊపింది. మరునాడు తెల్లవారకముందే బావి గిలక కిరకిరలాడించింది మాత్రం పంకజాక్షి ఒక్కతే. ఆ పని నీదని ఆమెతో ఎవరూ చెప్పలేదు. చెప్పాలని ఎవరికీ తోచనే లేదు.

ఆ ఏడు, అంటే ఎనభై ఒకటిలో, చిత్తూరు ఎండలు మార్చి నెలకే ముదిరిపోయాయి. బావిలో నీళ్లు అడుక్కు చేరాయి. తడిపిన గోడ ఆమె వీపు తిప్పేలోగా ఆవిరి కక్కేది. గోనెపట్టాలు తడిపి గోడలకు వేలాడదీయడం, వాటి మీద మళ్లీ నీళ్లు కుమ్మరించడం, అది అయ్యాక పొయ్యి ముట్టించడం, ఇద్దరికీ క్యారియర్లు సర్దడం, తడి పాదాలతోనే చెప్పులు తొడుక్కుని బస్సుకు పరుగెత్తడం. పోస్టాఫీసు కౌంటరులో కూర్చుని స్టాంపుల మీద ముద్ర వేస్తుంటే చేంతాడు ఒరుసుకున్న అరచేతులు భగ్గుమనేవి. “మీ ఆయన ఇల్లు కడతా ఉండాడంట గదా” అని పక్క కౌంటరు వసంతమ్మ సంబరంగా అడిగింది. అవునంది పంకజాక్షి. అంటూనే చేతులు బల్ల కిందికి లాక్కుంది. ఎందుకు దాచుకున్నానా అని తర్వాత చాలాసేపు తన మీద తనకే కోపం వచ్చింది.

నిజం చెప్పుకోవాలంటే, ఆ పని ఆమెకు కష్టమే గాని బాధ కాదు. సంతపేటలో అయిదేళ్లు ఒక్క గది అద్దెకాపురం చేసిన మనిషి. అక్కడ కొళాయి ఇంటామెది, దండెం ఇంటామెది, రోలు చప్పుడు చేయాలన్నా ఇంటామె ముఖం చూడాలి. ఇద్దరి జీతాలూ కూడబెట్టి మురకంబట్టు దారిలో ఈ పాత మిద్దె కొన్నారు. ముందరి రెండు గదులూ గట్టిగా ఉన్నాయి కాబట్టి వాటిని ఉంచి, అందులోనే కాపురం పెట్టారు. వెనక మట్టిగోడలు పడగొట్టి వంటిల్లు, నీళ్ల గది, వసారా కొత్తగా లేపుతున్నారు. పర్మిట్ సిమెంటు కోసం ధనంజయ ఆఫీసుల చుట్టూ కాళ్లరిగేలా తిరిగిన మాట నిజమే, ఆ ఘనత అతనికి ఇవ్వాల్సిందే. వచ్చినవాళ్లందరి ముందూ అతనే ఇచ్చుకున్నాడు కూడా. పంకజాక్షి నోరు తెరిచి కోరింది ఒక్కటే, పొయ్యిగట్టు మీద కిటికీ. ఆ కిటికీ గోడకు నీళ్లు పట్టేటప్పుడు అరచేత్తో నిమిరేది. తడి సిమెంటు వాసనకు కడుపు నిండినట్టుండేది. నా ఇల్లు అని ఒకసారి పైకే అనుకుని, చుట్టూ చూసి సిగ్గుపడింది.

వసారా కొసన, నీళ్ల గదికీ కట్టెల కుప్పకూ నడుమ ఇంకో గోడ లేస్తోంది. దానికి కిటికీ లేదు, గూడు లేదు. మనిషి పక్కకు తిరిగి దూరేంత సందు మాత్రం వదిలారు. ఎందుకని అడిగితే కట్టెలకన్నాడు ధనంజయ. కట్టెలకు అంత మరుగెందుకో అనుకుంది గాని, మొదటి వరసలకు తానే నీళ్లు పట్టింది.

ఆదివారం అలివేలమ్మ మొదటి బస్సుకు దిగింది. చంకలో ఒక పాత ఈతచాప ఉంది. వచ్చీ రాగానే ఆ సందులో దూరి, ఇటుక ముక్కలు కాలితో పక్కకు నెట్టి, చాప పరిచింది. చాప ఈ గోడ నుంచి ఆ గోడకు సరిపోయింది. “కొంచెం కాళ్లు ముడుసుకుంటే సాలు. ఇంగ నాకు నిమ్మళం. సొంతిల్లయినాక కూడా అంతా కలిపేసుకుంటే దేవుడు ఓర్సడు” అని కొడుకుతో అంది. ధనంజయ భార్య వైపు చూడకుండా మేస్త్రీ కొలబద్దను అటూ ఇటూ తిప్పుతూ నిలబడ్డాడు. అప్పుడు అర్థమైంది పంకజాక్షికి. ఆ గది కట్టెలకు కాదు. నెలనెలా బయట చేరినప్పుడు మూడు రోజులు తాను కూర్చోవడానికి.

సంతపేటలో ఈ ఆచారం పాటించలేదు. ఆచారం మీద గౌరవం లేక కాదు, ఉన్నదే ఒక్క గది అయితే ఆడమనిషిని దూరంగా ఎక్కడ కూర్చోబెడతారు? ఆ మూడు రోజులూ ఆమె వండింది ధనంజయ తిన్నాడు, ఆమె కలిపిన కాఫీ తాగాడు, ఇది ఏ రోజు కాఫీ అని అయిదేళ్లలో ఒక్కనాడూ అడగలేదు. అతనికేమీ కాలేదు. ఆ రోజుల్లోనూ ఆమె ముద్ర వేసిన కవర్లు పూజారుల ఇళ్లకు పోయాయి, పూతలపట్టులో అలివేలమ్మ చేతికీ పోయాయి. ఎవరూ పసుపునీళ్లు చల్లి తీసుకోలేదు. ఇరుకింట్లో చోటు లేక పోయిన అంటు, సొంతింట్లో చోటు దొరకగానే వెతుక్కుంటూ వచ్చేసింది. దానికో గోడ కట్టారు. ఆ గోడకు తనచేతే నీళ్లు పట్టించారు. ఈ చివరి సంగతి తలుచుకున్నప్పుడల్లా ఆమెకు ఒళ్లు మండిపోయేది.

ఆ సాయంత్రమే మొగుణ్ణి అడిగింది. అతను నవ్వాడు. పెద్దామె మనసు కష్టపెట్టడం ఎందుకన్నాడు. ఊళ్లో ఎవరింట్లో లేదు చెప్పమన్నాడు. ఉద్యోగం చేసేదానివి, నెలకు మూడు రోజులు నీకూ రెస్టు దొరుకుతుందన్నాడు. చివరికి విసుక్కుని, “నీ కోసరమని ఒక గదే కట్టిస్తా ఉండానే, ఇంగేం కావాల నీకు? గమ్మునుండు” అన్నాడు.

రెస్టు మాట అలివేలమ్మా చెప్పింది. ఆమె చెబితే మాత్రం పంకజాక్షి కొట్టిపారేయలేకపోయింది. “పదైదు మంది తినే ఇంట్లో నా నడుము నేలకానింది ఆ మూడు దినాలే మే. ఆడికొచ్చి ఎవురూ పని సెప్పరు” అంది ముసలామె, చాప చుట్టి మూలకు ఆనిస్తూ. అబద్ధం చెప్పడం లేదు. కాళ్లు ముడుచుకుని పడుకోవడమే సుఖమనుకునేంత పని చేసిన మనిషి ఆమె. పాపం అనిపించింది. కానీ పంకజాక్షికి ఆ సుఖం కూడా లేదు. ఆ మూడు రోజులూ తెల్లారి లేచి బస్సెక్కాలి, ఊరందరి ఉత్తరాలూ ముట్టుకోవాలి, సాయంత్రం వచ్చి కట్టెల పక్కన, కంచం ఎక్కడికి తోస్తే అక్కడ తినాలి. ధనంజయ హోటల్లో తినేసి, ఆమెకింత పొట్లం కట్టించుకొస్తాడు. మూడు రోజుల అంట్లూ మాసిన బట్టలూ నాలుగోనాడు తన కోసం కూర్చుని ఉంటాయి. అయినా నడుం వాల్చడానికి గోడ దేనికి? పని పంచుకునేవాళ్లుంటే ఏ గదిలోనైనా వాల్చవచ్చు కదా. ఆ ఆలోచన అత్తకు ఇన్నేళ్లలో రాలేదు, రానిచ్చినవాళ్లూ లేరు.

మరునాడు ఆదిమూలం ఆ గోడకు పైవరసలూ పైపూతా ముగించి, ముందరి మిద్దె మరమ్మతుకు పోయాడు. ఆ తర్వాతి పొద్దున పంకజాక్షి మామూలుగానే నీళ్లు చేదింది. వంటిల్లు తడిపింది, నీళ్ల గది తడిపింది, వసారా తడిపింది. చివరి బొక్కెన ఎత్తుకుని ఆ గోడ ముందుకొచ్చి నిలబడింది. చెయ్యి లేవలేదు. ముందుగా అనుకున్నదీ కాదు, పంతమూ కాదు, ఊరికే లేవలేదు. కాసేపు చూసి, తిరిగి వెళ్లి ఆ నీళ్లు కిటికీ గోడకు పోసింది. మాపటికీ అంతే. మూడోనాడు దాని మీది గోనెపట్టాను కూడా లాగేసి వంటింటికి కప్పింది. ఇప్పుడు మాత్రం పంతమే.

తక్కిన గోడలన్నీ చెమ్మగిల్లి నల్లగా ఉంటే అదొక్కటీ ఎండకు తెల్లబారిపోయింది. చూస్తే ఎవరికైనా తెలిసిపోతుంది. కానీ ఆ గోడల వంక చూసేదెవరు? ధనంజయ తన చక్కెర ఫ్యాక్టరీ స్నేహితులను తీసుకొచ్చి వెనకంతా తిప్పాడు. ఇది నేను వేయించిన వసారా, ఇది నేను పెట్టించిన కిటికీ అని చూపించాడు. గోడ రంగు అతని కంట పడనే లేదు. పట్టుబడతానని పంకజాక్షి రోజూ భయపడేది. ఎవరూ పట్టుకోకపోయేసరికి, ఇన్నాళ్లూ తాను పోసిన నీళ్లు కూడా ఇట్లాగే ఎవరూ చూడలేదన్నమాట అని కోపం ఇంకాస్త పెరిగేది.

గృహప్రవేశం దగ్గరపడుతుండగా అలివేలమ్మ మళ్లీ వచ్చింది. ఆ గదిలో బట్టలు వేసుకోవడానికి ఒక దండెం ఉండాలంది. ధనంజయ మేకూ సుత్తీ పట్టుకుని లోపల దూరాడు. మొదటి దెబ్బకు సిమెంటు పూత పెళ్లలు పెళ్లలుగా రాలింది. ఇంకో దెబ్బకు ఇటుక కదిలింది. అతను పట్టు వదలని మనిషి, మళ్లీ కొట్టాడు. గోడ సగానికి పైగా కట్టెల కుప్ప మీదికి కూలిపోయింది. దుమ్ములోంచి ధనంజయ చేతిలో మేకుతో, తల నుంచి కాలి దాకా తెల్లగా బయటికొచ్చాడు.

మేస్త్రీని కేకేశాడు. ఆదిమూలం మిద్దె దిగేలోగానే మాటలు మొదలయ్యాయి. సిమెంటు మూటలు ఎక్కడ అమ్ముకున్నావన్నాడు. ఇసకతో గోడ కట్టి నా కళ్లకు గంతలు కట్టావన్నాడు. చిత్తూరులో ఇంకో ఇంటి పని దొరకకుండా చేస్తానన్నాడు. “కొండ మింద ఒట్టు సామీ, అన్ని గోడలకూ ఒకే మాదిరి కలిపినా” అని ఆదిమూలం తలగుడ్డ తీసి చంకలో పెట్టుకున్నాడు. కింద పడిన పెళ్ల ఒకటి తీసి వేళ్లతో నలిపాడు, అది పిండిగా రాలిపోయింది. పక్క గోడ వైపు చూశాడు. పంకజాక్షి వైపు చూశాడు. తల దించుకున్నాడు గాని నోరు విప్పలేదు.

ఆమె ఊరుకుంటే సరిపోతుంది. గోడ పోయింది, తప్పు మేస్త్రీది, తానేమో మంచి కోడలు. కానీ ఆ మనిషి నోటి దగ్గరి కూడు పోతుంది. పైగా గోడ ఎందుకు పడిందో ఎవరికీ తెలియకపోతే, ఇంకో మేస్త్రీ వచ్చి ఇంకో గోడ కడతాడు, పొద్దున్నే బొక్కెన మళ్లీ తన చేతికే వస్తుంది.

“మేస్త్రీది తప్పు లేదు. ఆ గోడకు నేను నీళ్లు పట్టలేదు” అంది.

“మర్సిపోయినావా?” అన్నాడు ధనంజయ. తప్పించుకోవడానికి అతను ఇచ్చిన దారి అది. అవునంటే అక్కడితో అయిపోతుంది.

“మర్సిపోలేదు. పట్టలేదు.”

అలివేలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మేస్త్రీ ముందర మర్యాద పోయిందని ధనంజయ ముఖం ఎర్రబడింది. ఇది నా ఇల్లు, ఆ గోడ రేపే మళ్లీ లేస్తుంది అన్నాడు. రిజిస్ట్రేషను కాగితంలో అతని పేరే ఉంది కాబట్టి మొదటి మాట నిజమే.

“లేపండి. కట్టేది ఆదిమూలం, కట్టించేది మీరు. నీళ్లు కూడా మీరే పట్టండి. ఆ గోడకు నా చేత్తో చుక్క పొయ్యను” అంది పంకజాక్షి.

మిగిలిన ముక్కా పడగొట్టాక గోడ మళ్లీ లేచింది, మోకాలెత్తు. ఆ వారమంతా ధనంజయ ఆమెతో మాట్లాడలేదు, కంచం ముందు మాత్రం వేళకు కూర్చున్నాడు. మొదటినాడు లుంగీ ఎగగట్టి, వీధికి వినబడేలా దగ్గుతూ తానే నీళ్లు చేదాడు. రెండోనాటికి అరచేతులు బొబ్బలెక్కాయి. మౌనం మరిచిపోయి, చూడు ఇది అని భార్య ముందు చాపాడు. పంకజాక్షి తన అరచేతులు వాటి పక్కన పెట్టింది. కాయలు కాచి, ఒరుసుకుపోయిన ఆ చేతుల్ని అతను అంత దగ్గరగా చూడటం అదే మొదలు. మూడోనాడు ఫ్యాక్టరీలో అర్జంటు పని పడింది. అలివేలమ్మ రెండు చెంబులు పోసి నడుం పట్టుకుంది. పై వరసలు పెట్టమంటారా అని ఆదిమూలం వచ్చి అడిగితే, ధనంజయ బావి వైపు ఒకసారి చూసి, కట్టెలకు ఈ ఎత్తు చాలులే అన్నాడు.

గృహప్రవేశం అయింది. పాలు పొంగాయి. వచ్చినవాళ్లు ధనంజయను మెచ్చుకుని, భోంచేసి వెళ్లారు. అలివేలమ్మ మాత్రం కొన్నాళ్లు ఉండిపోయింది. ఒక పొద్దున కిటికీలోంచి ఎండ పొయ్యిగట్టు మీద పడుతుంటే పంకజాక్షి డికాక్షన్ దించి, ముగ్గురికీ కాఫీ కలిపి, అత్త గ్లాసు ఆమె చేతికే ఇచ్చింది. అలివేలమ్మ ఆ మోకాలెత్తు గోడ మీదే కూర్చుని చప్పరిస్తూ తాగింది. ధనంజయ పేపరు చూస్తూ తాగాడు. సంతపేట నీళ్ల కంటే ఈ బావి నీళ్లకు కాఫీ రుచిగా ఉందని తల్లీ కొడుకూ అనుకున్నారు. చాప వెనక మూలలో చుట్టినది చుట్టినట్టే ఉంది. ముసలామె దాన్ని చూసింది, తర్వాత కోడలిని తేరిపార చూసింది.

“ఏం మే, నేనొచ్చినప్పట్నుంచి సూస్తా ఉండా, ఒక్క దినమన్నా నువ్వు బయట చేరలేదే. ఏమన్నా విశేషమా?” అని గొంతు తగ్గించి ఆశగా అడిగింది.

ధనంజయ పేపరు దించాడు. పంకజాక్షి కొంగుతో చేతులు తుడుచుకుని, వంటింటి గడప దాటి వచ్చి ఇద్దరి ముందూ నిలబడింది.

“విశేషమేం లేదత్తా. నిన్ననే వచ్చింది. మీరు తాగతా ఉండేది రెండోనాటి కాఫీ. చక్కెర సరిపోయిందా?”