పైపుల లెక్క

నాచారంలో ఏ బోరు మోటారు కాలినా బిక్షపతినే పిలుస్తారు. ఇరవై ఏళ్ళుగా నీళ్ళ లోతును బట్టి ఏ ఇంట్లో ఎన్ని పైపులు దించాడో, ఎన్ని తీశాడో నోటుబుక్కులో రాసుకుంటున్నాడు. దాన్ని చూపించమని అడిగిన పుణ్యాత్ముడు ఒక్కడూ లేడు. మొన్న కూతురు సంతోషి ఆ బుక్కంతా ఆన్‌లైన్ మ్యాపులోకి ఎక్కించింది. ఎవరైనా ఉచితంగా చూడొచ్చు, తమ బోరునూ చేర్చొచ్చు. నీళ్ళు పైన ఉంటే నీలం చుక్క, పాతాళంలో ఉంటే ఎర్ర చుక్క.

ఈ పొద్దున జగన్మోహన్ గారి అపార్ట్‌మెంటు ముందుకు బోరు లారీ వచ్చింది. పదిహేను వందల అడుగుల కొత్త బోరు వేయిస్తారట! అదే జరిగితే పక్క గల్లీలో వెంకటనర్సమ్మ బోరు ఎండిపోతుందని బిక్షపతికి తెలుసు. కూతుర్ని వెంటబెట్టుకుని పరుగెత్తాడు.

"సారూ, జర ఆగున్రి. గీ మ్యాపు సూడున్రి."

రిటైరైన రైల్వే ఇంజనీరు జగన్మోహన్ సంతోషి చాచిన ఫోను అందుకుని కళ్ళజోడు సర్దుకున్నారు. నాచారమంతా నీలమే. తమ చుక్కను నొక్కి పకపకా నవ్వారు. "మా బోరులో నలభై ఎనిమిది అడుగులకే నీళ్ళట! ఇక లారీ ఎందుకయ్యా, చేంతాడు తెచ్చుకుంటే పోలా!"

లారీవాళ్ళూ నవ్వారు. బిక్షపతికి తల కొట్టేసినట్టయింది. కానీ ఆ నలభై ఎనిమిది తను రాసిందే. చప్పున వెలిగింది. "ఓ బిడ్డా! గవి అడుగులు గాదు, పైపులు! ఒక్క పైపు ఇరవై అడుగులు!"

సంతోషి నాలుక కరుచుకుని, అన్నింటినీ ఇరవైతో గుణించి మళ్ళీ ఎక్కించింది. చూస్తుండగానే మ్యాపు మిరపకాయలు ఆరబోసినట్టు ఎర్రబడింది. వెంకటనర్సమ్మ గల్లీలో ఐదు చుక్కలు మాత్రం నీలంగానే నిలిచాయి.

"అక్కడేముంది?" జగన్మోహన్ నవ్వు ఆగిపోయింది.

బిక్షపతికి ఒళ్ళు పులకరించింది. ఇంటింటి లెక్కా తెలిసినవాడే గానీ, అన్నీ ఒక్కచోట తనూ ఎన్నడూ చూడలేదు. "ఇంకుడు గుంతలు సార్! గా ఐదిండ్లోళ్ళు తవ్విన్రు. అంతట పైపులు కలుపుకుంట పోయిన. గాడ మాత్రం మూడేండ్ల సంది తీసుకుంట వస్తున్న!"

జగన్మోహన్ తమ ఎర్ర చుక్కకేసి ఓసారి చూశారు. లారీని వెనక్కి తిప్పమని సైగ చేశారు. "మా గుంత ఎక్కడ తవ్వాలో నువ్వే చూపించవయ్యా."

అంతలో మ్యాపులో కొత్త చుక్కలు చేరాయని సంతోషి ఫోను మోగింది. మేడిపల్లిలో ఎవరో తెలియని బోరు మెకానిక్ తన బుక్కు కూడా ఎక్కించడం మొదలుపెట్టాడు. మేడిపల్లి ఒక్కో చుక్కా నీలంగా వెలుగుతోంది. తనలాంటివాడు ఇంకొకడున్నాడు! బిక్షపతి ఆనందం పట్టలేక గల్లీ అదిరేలా అరిచాడు.

"ఇరవైతోని గుణించమని జెప్పు బిడ్డా!"