తెల్లమన్ను

అక్క రోజూ పొద్దున ఆరింటికి షెడ్డు తాళం తీసి, బకెట్టూ బ్రష్షూ పట్టుకుని కారు చక్రాలు కడుగుతుంది. కారు కదిలి ఇరవై రెండేళ్ళయింది. చక్రాలకి మాత్రం తెల్లారేసరికి తడిమన్ను అంటి ఉంటుంది. ఒక రోజు ఎర్రది, ఒక రోజు నల్లది, ఒకసారి మంచు కూడా. పక్కవీధి కుమ్మరి గంప పట్టుకుని గేటు దగ్గర నిలబడతాడు.

"ఇవాళేం మన్నక్కా?"

"ఏటి ఒండ్రు. చూడు, పనికొస్తుందేమో."

కుమ్మరి వేళ్ళ మధ్య నలిపి చూస్తాడు. "మూకుళ్ళకి సరిపోతుంది. కూజాకి ఆగదు," అంటూ గంపలో వేసుకుపోతాడు.

అది నాలుగు చక్రాలూ లాగే పందెం కారు. రెండు తలుపులు, బరువైన ముక్కు, కంపెనీ వేసిన నీలిరంగు ఇంకా అలాగే ఉంది. ఒకప్పుడు తమ్ముడు నడిపేవాడు. పక్క సీట్లో కూర్చుని అక్క మలుపుల పుస్తకం చదివేది. ముందురోజు దారంతా తిరిగి రాసుకున్న పుస్తకం అది. ఆ వేగంలో ఎదర ఏముందో తమ్ముడికి తెలియదు, అక్క నోట్లోంచి వచ్చిందే రోడ్డు. ఆఖరి పందెంలో, సున్నపురాయి కొండ మీద, అక్క ఒకేసారి రెండు కాగితాలు తిప్పేసింది. మలుపున్న చోట "తిన్నగా" అని చదివింది. కారు లోయ అంచున తెల్లమట్టి గుట్టలోకి దూసుకుపోయి ఆగింది. దానికి గీత కూడా పడలేదు. తమ్ముడి మోకాలు మాత్రం మళ్ళీ మామూలు కాలేదు.

ఆ తర్వాత అతను ఆ సంగతి ఒక్కనాడూ ఎత్తలేదు. బజార్లో తాళంచెవులు చేసే కొట్టు పెట్టుకున్నాడు. ఊరందరికీ చేసిపెడతాడు, ఆ కారు తాళంచెవి మాత్రం ముట్టుకోడు. ఒకే ఇంట్లో ఉంటూ, ఒకే బల్ల దగ్గర తింటూ, ఉప్పు అందించమనీ ఫ్యాను తగ్గించమనీ తప్ప అక్కతో మాట్లాడడు. ఒక్కసారి తిట్టేస్తే బాగుండునని ఆవిడ కోరిక. లోకంలోని మన్నంతా ఆ చక్రాలకి అంటింది గానీ ఆ కొండ మీది తెల్లమన్ను ఒక్కరోజూ రాలేదు. అక్క దానికోసమే రోజూ చూసేది.

ఈ నెల పేపర్లో ప్రకటన ఇచ్చింది తమ్ముడే. "పాత పందెం కారు అమ్మకానికి. తుప్పు లేదు. రోజూ కడుగుతున్నాం."

పళ్ళ డాక్టరు చూడ్డానికి వచ్చాడు. నోట్లో పెట్టి చూసే చిన్న అద్దం జేబులోంచి తీసి, చక్రాల గూళ్ళలో తిప్పి చూశాడు.

"ఎక్కడా పుచ్చు లేదండీ. ఊళ్ళో నోళ్ళన్నీ ఇలా ఉంటే నేను కొట్టు కట్టేసుకోవాల్సిందే. ఆదివారం వచ్చి తీసుకెళ్తా."

ఆదివారం పొద్దున అక్క షెడ్డు తలుపు తీసి అక్కడే నిలబడిపోయింది. నాలుగు చక్రాలూ తెల్లగా ఉన్నాయి. షెడ్డంతా తడి సున్నం వాసన. మన్ను బొట్లు బొట్లుగా నేలమీదికి జారుతోంది. కుమ్మరి గంప కింద పెట్టాడు.

ఎనిమిదింటికి డాక్టరు వచ్చాడు. "ఇవాళ కడగలేదాండీ?"

అక్క చేతిలో బ్రష్షు పొడిగానే ఉంది. ఆ మాట విని తమ్ముడు కుంటుకుంటూ బయటికొచ్చాడు. చూశాడు. వంగని మోకాలు ఎలాగో వంచి, చక్రం మీద అరచెయ్యి ఆనించాడు.

"అక్కా, ఆ టీ ఒలకబోసింది నేనే."

"ఏ టీ రా?"

"ఆ రోజు బయల్దేరేముందు. నీ పుస్తకం మీద. చొక్కాతో తుడిచి నీ సీట్లో పెట్టేశా. కాగితాలు అంటుకుంటాయని తట్టలేదు."

"ఒరే, ఇరవై రెండేళ్ళు!"

"నువ్వు నన్నొక్క మాట అనలేదుగా. తెలిసే ఊరుకున్నావనుకున్నా."

"నాకేం తెలుసురా మొద్దూ! తప్పు నా వేళ్ళదనుకున్నా."

కుమ్మరి గేటు వైపు తిరిగి గట్టిగా ముక్కు చీదుకున్నాడు.

తమ్ముడు తాళంచెవి కోసం చెయ్యి చాచాడు. అక్క ఇచ్చి, లోపలికెళ్ళి పుస్తకం తెచ్చింది. అంటుకున్న కాగితాల మధ్య గోరు పెట్టగానే అవి మెత్తగా విడిపోయాయి, టీ ఇంకా ఆరనట్టు.

"మీరు కాసేపు కూర్చోండి డాక్టరుగారూ," అని కుమ్మరి బకెట్టు బోర్లించి చూపించాడు.

తమ్ముడు తాళంచెవి సగం తిప్పగానే ఇంజను అందుకుంది. వీధిలో కిటికీ అద్దాలన్నీ సన్నగా మోగాయి. ఆ మోతలోంచి అక్క గొంతు, వయసులో ఉన్నప్పటి గొంతు, వినిపించింది. "యాభై గజాలు తిన్నగా. తర్వాత కుడికి. నెమ్మది."

మధ్యాహ్నానికి తిరిగొచ్చారు. కొండ దాకా వెళ్ళొచ్చిన చక్రాలకి ఒక్క మరక లేదు. డాక్టరు వంగి, అద్దం పెట్టి మరీ చూశాడు.

"ఇంక అమ్మరు కదండీ?"

"అమ్మం. పళ్ళు నొప్పెడితే మాత్రం మీ దగ్గరికే వస్తాం," అంది అక్క, నడిపే సీట్లోంచి దిగుతూ. అంతకు ముందెన్నడూ ఆవిడ స్టీరింగు ముట్టలేదు.

పక్క సీట్లో తమ్ముడు ఇంకా దిగలేదు. పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, తర్వాతి కాగితాన్ని రెండు వేళ్ళ మధ్య నలుపుతూ, ఒకటేనా రెండా అని చూసుకుంటున్నాడు.