కొబ్బరినూనె తాగిన కుంచె

నేను ఒక కుంచెని. సున్నా నంబరు. జానెడు కూడా లేని పిడి, దాని చివర చిటికెడు వెంట్రుకలు, అంతే నా ఆస్తి. అయినా నా బతుకు మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు.

నా మొదటి కొలువు విశాఖపట్నం డాబాగార్డెన్స్‌లో, ఒక పళ్ళ ల్యాబులో. కట్టుడు పళ్ళకు రంగు దిద్దేదాన్ని. పక్క పన్ను ఎంత గారపట్టి ఉంటే కొత్తదానికీ అంత పసుపు రంగు పూయాలి. మీరు ఫొటోల్లో చూసి మెచ్చుకునే నవ్వుల్లో కొన్ని నావే. ఎవరూ బయటికి చెప్పరనుకోండి.

రెండేళ్ళకు నా మొన చీలింది. యజమాని చెత్తబుట్టలో పడేస్తే, అక్కడ పనిచేసే వరహాలరావు తీసి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఇంటికెళ్ళి సబ్బుతో కడిగి, పెదాల మధ్య తడిపి మొన తిప్పాడు. ఆ జేబునీ ఆ పెదాలనీ నేను మరిచిపోను.

ఆ ఇంట్లో నాకు కొత్త ఉద్యోగం, సైన్యానికి రంగులు వేయడం. వరహాలరావు పళ్ళు పోతపోసే పద్ధతిలోనే తగరంతో అంగుళమెత్తు సైనికుల్ని పోసేవాడు. వాళ్ళ తలపాగాలు, డాళ్ళు, ఏనుగుల మీది ఎర్ర గుడ్డలు అన్నీ నా చేతిమీదుగానే. ఆదివారాలు హార్బర్లో ఓడల్ని లాగే టగ్గు బోటు నడిపి రిటైరైన కరీముల్లా వచ్చేవారు. భోజనాల బల్ల మీద ఆకుపచ్చ దుప్పటి పరిచి, టేపుతో దూరాలు కొలిచి, పాచికలు వేసి, ఇద్దరూ రక్కసితంగడి యుద్ధం ఆడేవారు. కరీముల్లాది విజయనగరం, వరహాలరావుది సుల్తానుల పక్షం. ఎవరైనా వింతగా చూస్తే, “ఓడిపోయినోళ్ళని గెలిపించడంలోనే మజా ఉంది” అనేవారు కరీముల్లా.

సుల్తానుల సేనకు రంగులు పూర్తయ్యేసరికి నేను ముసలిదాన్నయ్యాను. కళ్ళూ మీసాలూ దిద్దే పని కొత్త కుంచెకు పోయింది. నన్ను జిగురు పూయడానికి దించారు. ఏదో ఒక పని ఉంది కదా అనుకున్నాను.

అప్పుడే కరీముల్లాకు కళ్ళ డాక్టరు చెప్పాడట, చూపు నెమ్మదిగా మసకబారుతుంది, ఆపలేమని. “రంగులేసిన నా సేనని ఒక్కసారి కళ్ళారా చూసి ఆడాల గురూ” అన్నారాయన. వరహాలరావు మూడు నెలలు వంచిన తల ఎత్తకుండా విజయనగరం సేనకు రంగులేశాడు. ఆట ఉన్న ఆదివారం పొద్దున బయట సన్నగా వాన. రంగు చెదరకుండా పైన వార్నిష్ కొడితే పని పూర్తి. తేమలో కొట్టొద్దని డబ్బా మీద పెద్ద అక్షరాలతో రాసే ఉంది. మనుషులు డబ్బాలు కొంటారు గానీ చదవరు.

కొట్టిన గంటలో రెండు వందల మందీ తెల్లబారిపోయారు. ఏనుగులకు సున్నం కొట్టినట్టయింది. యుద్ధం జరిగింది జనవరిలో కాబట్టి ఇది మంచు అని సర్దిచెబుదామని వరహాలరావు మనసులో మాట కూర్చుకుంటుండగానే కరీముల్లా వచ్చారు. బల్ల దగ్గరికి వంగి చూశారు. కుర్చీలో కూలబడ్డారు.

“వచ్చేసింది గురూ.”

“ఏటొచ్చింది భాయ్?”

“డాక్టర్ చెప్పిన మసక. ఇంత తొందరగా అనుకోలేదు.”

వరహాలరావు ఆయన చేతులు పట్టుకున్నాడు. “మీ కళ్ళు కాదు భాయ్! నా తొందర! వానలో వార్నిష్ కొట్టేసినాను. పాడుచేసింది నేనే.”

“నన్ను ఓదార్చడానికి చెప్తున్నావా?”

“మీమీదొట్టు.”

కరీముల్లా తలెత్తి క్యాలెండర్లో తేదీ చదివారు. గడియారం చూశారు. గుమ్మంలో నిలబడ్డ వరహాలరావు భార్య నూకరత్నం చేతి గాజుల రంగు చెప్పారు. అప్పుడు పగలబడి నవ్వారు, నవ్వుతూనే ఏడ్చారు. నాకూ ఏడుపొచ్చింది గానీ నా దగ్గర నీళ్ళు లేవు.

“చెక్క బీరువా తెల్లబారితే నాను కొబ్బరినూనె రాస్తాను కదా. దీనికీ రాసి సూడండి” అంది నూకరత్నం. కొత్త కుంచెను నూనెలో ముంచడానికి వరహాలరావుకు మనసొప్పలేదు. జిగురు డబ్బాలోంచి నన్ను తీశాడు. కరీముల్లా చెయ్యి చాపి, తన సేన కాబట్టి తనే రాస్తానన్నారు.

ఒక్కో బొమ్మనీ తాకుతుంటే లోపలి పసుపు, ఎరుపు, నీలం తిరిగొచ్చాయి. ఒక్కో రంగునీ ఆయన పేరుపెట్టి పిలిచారు. మూడు గంటలు పట్టింది. నా జీవితంలో అంత మంచి పని ఇంకొకటి లేదు. ఆటలో విజయనగరం మళ్ళీ ఓడింది. అంత సంతోషంగా ఓడిన సేనాధిపతిని నేను చూడలేదు.

నూనె తాగిన కుంచెకి మరి రంగు పట్టదు. అందుకే కరీముల్లా నన్ను అడిగి తీసుకెళ్ళారు. ఆయన కళ్ళజోడు పెట్టెలో ఉంటున్నాను. మసక ఈమధ్య నిజంగానే వచ్చింది. పొద్దున్నే పెట్టె తెరిచి, కళ్ళజోడు పెట్టుకుని, కిటికీ వైపు చూసి, వేలితో నా మొన తడుముతారు.

“మన వరహాలు మళ్ళీ వానలో వార్నిష్ కొట్టేసినట్టున్నాడు” అని నవ్వుతారు.